41 శాతం దగ్గర

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందు. మూడో అంతస్తు ల్యాబ్ నుంచి మెట్లు దిగుతున్నావు. లిఫ్టు ఉంది గానీ దాని ముందు పదిమంది ఉన్నారు, నీకు ఆగే ఓపిక లేదు. భుజాన బ్యాగులో లాప్‌టాప్ బరువు తెలుస్తోంది. సికింద్రాబాద్ సీటీసీ మార్కెట్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నావు. బ్యాటరీ పోయి ఏడాదైంది. ఛార్జర్ గుచ్చితే వెలుగుతుంది, పీకితే ఆరిపోతుంది.

2025 మే నెలాఖరు, రాత్రి తొమ్మిదిన్నర. మబ్బు పట్టింది. గాలికి ఫ్లెక్సీలు టపటప కొట్టుకుంటున్నాయి. జెనరేటివ్ ఏఐ కొత్త బ్యాచ్ అన్న ఫ్లెక్సీ ఒక మూల లేచిపోయి కింద డెవాప్స్ కనిపిస్తోంది. దాని కింద ఇంకా పాతది, హడూప్. ఎవరో కుర్రాడు చేతిలో పాంప్లెట్ పెడతాడు. "ఫ్రీ డెమో మేడమ్, రేపు పొద్దున ఏడింటికి." మడిచి బ్యాగులో వేసుకుంటావు. రేపు పొద్దున నీకు వేరే పనుంది.

పదకొండింటికి పంజాగుట్టలో ఇంటర్వ్యూ. ఇక్కణ్నుంచి మెట్రోలో ఒక్క స్టేషన్. మెయిల్‌లో రెండే ముక్కలు రాశారు: లాప్‌టాప్ మీరే తెచ్చుకోండి, మీ ప్రాజెక్టు పైథాన్ 3.13 మీద నడిపి చూపించండి.

నీ లాప్‌టాప్‌లో ఉన్నది డెబియన్ 12 అనే లైనక్స్. 2023 జూన్‌లో వచ్చింది. దాంతోపాటు వచ్చిన పైథాన్ 3.11.

ల్యాబ్ తలుపు దగ్గర సార్ అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "రేపు ఇంటర్వ్యూ పెట్టుకుని ఇవాళ సిస్టమ్ జోలికి పోకమ్మా." సరే సార్ అని తలూపావు. ఊపుతూనే మనసులో వేరే నిర్ణయం చేసేసుకున్నావు.

హాస్టల్ ఎస్.ఆర్.నగర్ వైపు. నాలుగు మంచాల గది. ఇద్దరు ఊరెళ్లారు. మిగిలింది నువ్వు, కరీంనగర్ నుంచి వచ్చిన చిన్నపిల్ల. నీకోసం మెస్ నుంచి క్యారియర్ తెచ్చి బల్ల మీద పెట్టింది. పప్పు ఒక గిన్నెలో, చారు ఒక గిన్నెలో, పెరుగు ఒకదాంట్లో. మూత తీసే టైము లేదు. మంచం మీద బాసింపట్టు వేసుకుని, గోడకున్న ప్లగ్‌లో ఛార్జర్ గుచ్చి, తెర ఎత్తుతావు.

ఒక ఫైలు తెరుస్తావు. సాఫ్ట్‌వేర్ ఎక్కణ్నుంచి తెచ్చుకోవాలో సిస్టమ్‌కి చెప్పే చిరునామాలు అందులో ఉంటాయి. ప్రతి వరుసలోనూ బుక్‌వర్మ్ అని ఉంది. డెబియన్ వాళ్లు తమ వెర్షన్లకి టాయ్ స్టోరీ సినిమాల్లోంచి పేర్లు తీసుకుంటారు. బుక్‌వర్మ్ ఇప్పటి స్టేబుల్. రాబోయేది ట్రిక్సీ, ఇంకా టెస్టింగ్‌లో ఉంది. కొత్త సరుకంతా ముందుగా వచ్చి పడే చోటు సిడ్. ఆ సినిమాలో బొమ్మల్ని విరగ్గొట్టే పిల్లాడి పేరు అది. సిడ్ దాకా నువ్వు పోవడం లేదు. ట్రిక్సీ చాలు. అందులో పైథాన్ 3.13 ఉంది.

ట్రిక్సీ అని ఒక్క వరుస కలుపుతావు. సేవ్ చేస్తావు. ఇన్‌స్టాల్ కమాండ్ కొడతావు.

జాబితా మొదలవుతుంది. తెర నిండుతుంది. పైకి పోతుంది. మళ్లీ నిండుతుంది. కొత్తగా వచ్చేవి. పెరిగేవి. తీసేసేవి.

"గిదేంది అక్కా, గింతగనం వస్తంది?" పక్క మంచం మీంచి ఆ పిల్ల తొంగిచూస్తుంది.

నీకూ అదే అనుమానం. అడిగింది పైథాన్ ఒక్కటే కదా. జాబితాలో ఒక పేరు దగ్గర కన్ను ఆగుతుంది: సీ లైబ్రరీ. నీ దగ్గరున్నది 2.36, రాబోయేది 2.41. ట్రిక్సీలో పైథాన్‌ని ఆ కొత్త లైబ్రరీ మీద కట్టారు. నీ సిస్టమ్‌లో ఫైళ్ల జాబితా చూపే చిన్న కమాండ్ దగ్గర్నుంచి బ్రౌజర్ దాకా దాదాపు అన్నీ నిలబడేది ఆ లైబ్రరీ మీదే. దాంతోపాటు ఇంకో పది లైబ్రరీలు కదలాలి. వాటితో పొసగనివి పోవాలి. పై గదికి కిటికీ మార్చమంటే మేస్త్రీ పునాది తవ్వుతానంటున్నాడు.

అడుగున ప్రశ్న వచ్చి నిలబడింది. కొనసాగించాలా? వై నొక్కితే అవును, ఎన్ నొక్కితే కాదు. కర్సర్ మిణుకుమంటోంది.

తీసేసేవాటి జాబితా పైన ఎక్కడో ఉంది. పైకి జరిపి చదవొచ్చు. పదిన్నర అయింది. వై నొక్కుతావు.

డౌన్‌లోడ్. తర్వాత విప్పడం. అడుగున పచ్చ పట్టీ నెమ్మదిగా జరుగుతోంది. 12 శాతం. 20. కిటికీ రెక్క కొట్టుకుంటుంది. ఆ పిల్ల లేచి గడియ పెడుతుంది. మొదటి చినుకులు రేకు మీద పడతాయి. 33. ఉరుము. 38. మెరుపు. 40.

41.

గదంతా చీకటి.

ఒక్క క్షణమే. లైటు వెలుగుతుంది. ఫ్యాను మళ్లీ తిరుగుతుంది. ఇన్వర్టర్ అందుకుంది. ప్లగ్ పాయింట్లకి మాత్రం ఇన్వర్టర్ లేదు.

నీ తెర నల్లగా ఉంది.

చేయి గుండె మీదకి పోతుంది. ఛార్జర్ పీకి మళ్లీ గుచ్చుతావు. ఏమీ లేదు. కరెంటు వచ్చేదాకా అది ఇనుప ముక్క. లోపల సగం పాతది, సగం కొత్తది. ఏ సగం ఎక్కడ ఆగిందో చూడ్డానికి కూడా లేదు.

"గా పెద్ద లిస్టులో ఏమున్నదో చదివినవా అక్కా?"

లేదని తలాడిస్తావు. 2021 నవంబరులో లైనస్ సెబాస్టియన్ అనే పేరున్న యూట్యూబర్ పాప్ ఓఎస్‌లో ఒక గేమ్ ప్రోగ్రామ్ పెట్టబోతే ఇలాగే హెచ్చరిక వచ్చింది. ఇవి తీసేస్తే ప్రమాదం, నిజంగా కావాలంటే వాక్యం మొత్తం టైపు చెయ్యమంది. టైపు చేశాడు. డెస్క్‌టాప్ మొత్తం పోయింది. లక్షలమంది ఆ వీడియో చూశారు. నువ్వూ చూశావు. అప్పుడు నీకు ఆశ్చర్యం వేసింది, అంత పెద్ద హెచ్చరిక ఎలా చదవలేదు అని. పదిన్నరకి, ఇంటర్వ్యూ ముందు రాత్రి, అది ఎలా జరుగుతుందో ఇప్పుడు నీ వేలికి తెలుసు.

వాన జోరందుకుంది. కరెంటు రాలేదు. ఫోన్‌లో 34 శాతం ఉంది. క్యారియర్ విప్పి అన్నం కలుపుకుంటావు, చేతికి ఏదో ఒక పని ఉండాలని.

"అయితే కొత్తది పెట్టుకునుడే తప్పా?" ఆ పిల్ల మోకాళ్ల చుట్టూ చేతులు కట్టుకుని కూచుంది. "మరి నా లాప్‌టాప్‌కి కొత్తది పెడితేనే కదా వైఫై వచ్చింది?"

నిజమే. ఆమెది ఈ ఏడాది కొన్న కొత్త మెషీన్. డెబియన్ 12 పెడితే వైఫై కనపడనే లేదు. ఆ సిస్టమ్‌తో వచ్చిన కర్నెల్ 6.1, ఆ వైఫై చిప్ అంతకంటే తర్వాత పుట్టింది. చిప్‌ని గుర్తుపట్టని కర్నెల్‌ని ఎంత స్థిరంగా ఉంచుకుంటే ఏం లాభం? నువ్వే కూచుని బ్యాక్‌పోర్ట్స్ నుంచి 6.12 కర్నెల్, దానికి కావాల్సిన ఫర్మ్‌వేర్ తెచ్చి పెట్టావు. బ్యాక్‌పోర్ట్స్‌లో ఉండేవి కొత్త వెర్షన్లే, కానీ పాత పునాది మీద కూచునేలా మళ్లీ కట్టినవి. మిగతా సిస్టమ్‌లో ఒక్క ఇటుక కూడా కదల్లేదు. ఆ రోజు నువ్వు పద్ధతిగా చేశావు. అది వేరేవాళ్ల లాప్‌టాప్ కాబట్టి జాగ్రత్తపడ్డావేమో అనిపిస్తుంది ఇప్పుడు.

"మరి పాతది మంచిదా, కొత్తది మంచిదా చెప్పు."

చెప్పడం కష్టం. గడిచిన రెండేళ్లలో రెండు వైపులా దెబ్బ తగిలింది. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఒక సంగతి బయటపెట్టాడు. తన డెబియన్ సిడ్ మెషీన్‌లో లాగిన్ అర సెకను ఆలస్యమవుతోంది. అర సెకనే కదా అని ఊరుకోకుండా తవ్వుకుంటూ పోయాడు. ఫైళ్లు కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారు. మోసుకొచ్చినవి సిడ్, టెస్టింగ్ లాంటి కొత్త వెర్షన్లే. నీ బుక్‌వర్మ్ దాకా అది రాలేదు. పాత వెర్షన్ దగ్గరే ఉండిపోవడం వల్ల కోట్ల మెషీన్లు బతికాయి.

అలాగని స్టేబుల్ అంటే తప్పులు లేనిదని కాదు. 2023 డిసెంబరులో ఆ స్టేబుల్ బుక్‌వర్మ్ కర్నెల్‌లోనే ఫైళ్లు పాడుచేసే తప్పు దొర్లింది. 12.3 విడుదలని మధ్యలో ఆపి, సరిచేసి, డిసెంబరు 10న ఏకంగా 12.4 ఇచ్చారు. స్టేబుల్ అంటే వాళ్ల భాషలో కదలనిది. రెండేళ్లకొక వెర్షన్ వస్తుంది, వచ్చాక అందులో భద్రతకి, తీవ్రమైన తప్పులకి సంబంధించిన మరమ్మతులే చేస్తారు, కొత్త హంగులు పెట్టరు. నువ్వు ఇవాళ తొందరపడి చేయి పెట్టిన ట్రిక్సీ కూడా ఆగస్టు 9న అలాగే స్థిరపడబోతోంది. ఇంకా రెండున్నర నెలలుంది.

"అక్కా, కరెంటు!"

ఛార్జర్ మీద చిన్న దీపం వెలిగింది. చేయి కడుక్కోకుండానే బటన్ నొక్కుతావు.

గ్రబ్ మెనూ వస్తుంది. ఎంటర్. వరుసలు పరుగెడతాయి. పచ్చ అక్షరాలు. ఒక ఎర్ర అక్షరం. ఇంకొకటి. ఆగింది.

నల్ల తెర. మూలలో తెల్ల గీత మిణుకుమంటోంది.

ఆఫ్. ఆన్. ఈసారి పాత కర్నెల్. వరుసలు. ఎర్ర అక్షరాలు. నల్ల తెర. అదే గీత.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కుతావు. ఊపిరి బిగబట్టి. లాగిన్ అన్న మాట వస్తుంది. పేరు. పాస్‌వర్డ్. లోపలికి వచ్చావు.

డెస్క్‌టాప్ లేదు. పేరు కొట్టి చూస్తావు. అలాంటి ప్రోగ్రామే లేదంటుంది. పైథాన్ 3.13 కొడతావు. పలుకుతుంది. నీకు కావాల్సిన పైథాన్ వచ్చేసింది. దాన్ని చూపించాల్సిన తెర పోయింది.

ప్రాజెక్టు. ప్రాజెక్టు ఉందా?

హోమ్‌లో ఏముందో చూపమంటావు. చిన్న చిన్న గళ్లు వస్తాయి. గడి, గడి, గడి. వరసగా. గొంతు తడారిపోతుంది. ఫైళ్లు పాడయ్యాయా?

ఆగు. ఆలోచించు.

నీ ప్రాజెక్టు ఫోల్డర్ పేరు తెలుగులో పెట్టుకున్నావు, తెలుగు వార్తలు అని. మామూలుగా నీ మెనూలు కూడా తెలుగులోనే ఉంటాయి. ఈ ఊళ్లోని స్వేచ్ఛ సంస్థవాళ్లు, ఎక్కడెక్కడో ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలు ఏళ్ల తరబడి కూచుని లైనక్స్‌ని తెలుగు చేశారు. పోతన 2000, వేమన 2000 లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. ఇవన్నీ డెస్క్‌టాప్ మీద బతుకుతాయి. ఈ అడుగు తెరకి తెలుగు గీయడం రాదు. ఒత్తులు, గుణింతాలు దానికి తెలియవు. తెలియని అక్షరం వస్తే గడి పెడుతుంది.

పేరు టైపు చెయ్యలేవు. ఏదైనా సరే అని అర్థమొచ్చే నక్షత్రం గుర్తు వాడి ఆ గళ్లలోకి దిగుతావు. లోపల ఇంగ్లీషు పేర్లతో పెట్టుకున్న ఫైళ్లు. ఒకటి, రెండు, మూడు. అన్నీ ఉన్నాయి. మూడు నెలల పని. కళ్లు చెమరుస్తాయి.

"ఏమైందక్కా? గట్ల చూస్తున్నవేంది?"

"ఉంది" అంటావు. అంతకంటే మాట రాదు.

సగంలో ఆగిన పని ముగించమని కమాండ్ ఇస్తావు. తెర నిండా తప్పులు. ఒకటి లేనిదే ఇంకొకటి రానంటోంది, ఆ ఇంకొకటి లేనిదే ఇది రానంటోంది. పన్నెండున్నర. ఇప్పుడు ముందుకు పోతావా, వెనక్కి వస్తావా?

ముందుకంటే, మొదలుపెట్టినదాన్ని పూర్తిచేసి మొత్తం సిస్టమ్‌ని ట్రిక్సీకి చేర్చడం. ఫోన్ డేటా అంతా పోతుంది. తెల్లారేసరికి పని అయినా, ఎన్నడూ ముట్టుకోని సిస్టమ్‌తో ఇంటర్వ్యూలో కూచోవాలి. వెనక్కంటే, ఏప్రిల్‌లో టైమ్‌షిఫ్ట్‌తో తీసిపెట్టుకున్న స్నాప్‌షాట్. సిస్టమ్ ఫైళ్లన్నీ ఆ రోజు ఎలా ఉన్నాయో అలా దాచి ఉంది. హోమ్‌ని అది మామూలుగా ముట్టుకోదు.

మామూలుగా. ఆ మాట మీద మూడు నెలల పని పెట్టలేవు.

తాళాల గుత్తికి పెన్‌డ్రైవ్ వేలాడుతోంది. క్లాసు మొదటి రోజు సార్ అందరి చేతా చేయించింది. లైనక్స్ మింట్ లైవ్. పెన్‌డ్రైవ్ గుచ్చి దాన్నుంచే మెషీన్ లేపుతావు. లేత రంగు డెస్క్‌టాప్ వస్తుంది. నీ డిస్క్ తెరుస్తావు. ఫోల్డర్ పేరు చదువుకుంటావు. తెలుగు వార్తలు. త ఎత్వం, ల కొమ్ము, అన్నీ వాటి చోట అవి ఉన్నాయి.

ముందు కాపీ. ఫోన్‌లోకి ఒకటి. ఆ పిల్ల పెన్‌డ్రైవ్‌లోకి ఇంకొకటి.

అప్పుడు టైమ్‌షిఫ్ట్. మింట్‌తోనే వస్తుంది, డౌన్‌లోడ్ చెయ్యక్కర్లేదు. ఏప్రిల్ స్నాప్‌షాట్ కనపడుతుంది. ఎంచుకుంటావు. ఏ డిస్క్ మీదకి? రెండుసార్లు చూస్తావు. ఏమేం మారతాయో జాబితా వస్తుంది. ఈసారి మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా వేలు పెట్టి చదువుతావు. ఆ పిల్ల కూడా చదువుతుంది. హోమ్ ఎక్కడా లేదు.

బయట మళ్లీ ఉరుము. ప్లగ్ వైపు చూస్తావు. ఇప్పుడు పోతే? కాపీ రెండు చోట్ల ఉంది.

నొక్కుతావు.

ఇరవై నిమిషాలు ఇద్దరూ మాట్లాడరు. వాన చప్పుడు, ఫ్యాను చప్పుడు. పట్టీ చివరికి చేరుతుంది. పెన్‌డ్రైవ్ తీస్తావు. గ్రబ్. వరుసలు. అన్నీ పచ్చ. ఆపైన నీ పాత లాగిన్ తెర, నువ్వు పెట్టుకున్న రామప్ప చెరువు బొమ్మతో సహా.

చిరునామాల ఫైలు తెరిచి చూస్తావు. ట్రిక్సీ వరుస లేదు. ఏప్రిల్‌లో లేదు కదా మరి.

ఒంటిగంటన్నర. మళ్లీ మొదటికొచ్చావు. పైథాన్ 3.11.

కళ్లు మూసుకుని గోడకి ఆనుకుంటావు. తెరిచేసరికి ఎదురుగా బల్ల మీద క్యారియర్. చారు గిన్నె ఖాళీ, పెరుగు గిన్నె ముట్టలేదు. ఒకదాని మీద ఒకటి ఉన్నా దేని రుచి దానిదే. ప్రోగ్రామ్‌ని విడి పెట్టెలో నడిపే డాకర్! క్లాసులో నేర్చుకుని రెండు నెలలైంది. లాప్‌టాప్‌లో పెట్టుకున్నావు కూడా. సాయంత్రం నుంచి ఒక్కసారి తోచలేదు.

ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి పైథాన్ 3.13 చిన్న ఇమేజ్ తెస్తావు. కొద్ది నిమిషాల్లో వచ్చేస్తుంది. అది తన లైబ్రరీలు తనే మోసుకొస్తుంది. నీ సిస్టమ్‌లో దేన్నీ కదపదు. ప్రాజెక్టు ఫోల్డర్‌ని దానికి చూపించి నడుపుతావు. వార్తల్ని విడివిడిగా పేర్చుకుంటూ పోతోంది. రాజకీయం, వానలు, క్రికెట్.

ఊరికే, ఆ పెట్టె అడుగున ఏ సిస్టమ్ ఉందో చూద్దామని ఒక కమాండ్ కొడతావు. జవాబు చదివి, మళ్లీ చదువుతావు.

డెబియన్ 12. బుక్‌వర్మ్.

పైథాన్ 3.13ని ఎవరో ఈ పాత పునాది మీదే, ఇదే 2.36 సీ లైబ్రరీ మీద, మూలం నుంచి కట్టి పెట్టారు. పునాది తవ్వాల్సిన అవసరం ఏనాడూ లేదు.

తెల్లారి తొమ్మిదిన్నర. అమీర్‌పేట రోడ్డు కడిగినట్టుంది. మెట్రో పిల్లర్ల పక్కన నీళ్లు నిలిచాయి, ఇడ్లీ బండి దగ్గర ఆవిరి. స్టేషన్‌లో ఎర్ర లైను ప్లాట్‌ఫాం మీద జనం. ఎల్బీనగర్ వైపు రైలు ఎక్కుతావు. బ్యాగు ముందు వైపు తగిలించుకుని రెండు చేతులా పట్టుకుంటావు. కూచునే లోపే పంజాగుట్ట. కింద చౌరస్తాలో అంబులెన్సు ఒకటి నిమ్స్ వైపు దారి అడుగుతూ మోగుతోంది. కళ్లు మండుతున్నాయి. రెండు గంటలు కూడా నిద్రపోలేదు.

గదిలో ముగ్గురు. నువ్వు కుర్చీ లాక్కోవడానికి ముందే ప్లగ్ పాయింట్ ఎక్కడుందో అడుగుతావు. ఒకాయన చూపిస్తారు. గుచ్చుతావు. తెర వెలుగుతుంది. మూలలో అప్‌డేట్లు సిద్ధంగా ఉన్నాయని నోటీసు లేస్తుంది. దాన్ని పక్కకి జరుపుతావు.

"మీ సిస్టమ్‌లో పైథాన్ ఎంతుంది?"

కొట్టి చూపిస్తావు. 3.11.2. ఆయన కనుబొమ్మలు దగ్గరకొస్తాయి. "మేము 3.13 అడిగాం కదమ్మా."

"అదీ ఉంది సార్." పక్కన ఇంకో టెర్మినల్ తెరిచి పెట్టెలోకి వెళ్లి అదే కమాండ్ కొడతావు. 3.13. తెర మీద రెండూ పక్కపక్కన నిలబడతాయి.

ఆయన కళ్లజోడు సర్దుకుని రెండింటినీ చూస్తారు. కుర్చీ నీ వైపు జరుపుకుంటారు.

"ఎందుకిలా పెట్టుకున్నారో చెప్పండి."